రెండో అంకంలో శవం

మా ఆవిడ ఫెలీ పగలు బళ్ళో పిల్లలకి సంగీతం చెబుతుంది. సాయంత్రాలు పాటల నాటకాలు వేస్తుంది. మిగిలిన టైములో నా గురకకి శ్రుతి లేదని చెబుతుంది.

నాది మా ఇలోయిలో ఊరి బజార్లో, జీప్నీలనే సిటీ బళ్ళకి టైర్లమ్మే కొట్టు. సంగీతంలో నా జ్ఞానం హారన్ దాకానే.

ఈసారి నాటకంలో ఆవిడ వితంతువు. మొగుడు పోయాడని చిన్ననాటి ప్రియుడు పరామర్శకొస్తాడు. పరామర్శ పాటలోకి, పాట కౌగిలింతలోకి దిగుతుంది. ఆ ప్రియుడి వేషం ఆర్సెనియో అనే మా ఊరి పళ్ళ డాక్టరుది. ఆయన నవ్వితే చాలు, ఆఖరి వరస దాకా వెలుతురే.

"ఫెలీ, కౌగిలింత ఎందుకూ? చేతులు కలుపుకుంటే సరిపోదూ?"

"ఇరవయ్యేళ్ళ తర్వాత కలిసిన ప్రేమికులు చేతులు కలుపుకుంటే, స్థలం రిజిస్ట్రేషన్ అయిందనుకుంటారండీ జనం."

"పోనీ దూరం నించి పాడుకోండి."

"ఎంత దూరం?"

"ఆయన్ని గిమారస్ దీవిలో ఉండి పాడమను. నువ్విక్కడ పాడు."

ఫెలీ వినిపించుకోలేదు. అందుకని వేడివేడి బిబింకా కేకు కట్టించుకుని దర్శకురాలు ఎపిఫానియా గారింటికి వెళ్ళాను.

"ఏ వేషమైనా సరేనమ్మా. మా ఆవిడ పాడుతున్నంతసేపూ నేను స్టేజీ మీద ఉండాలి."

ఆవిడ బిబింకా మొత్తం తినేదాకా ఆలోచించింది.

"ఒకటుంది. రెండో అంకమంతా స్టేజీ నడిమధ్య నువ్వే. అందరూ నీ చుట్టూనే తిరుగుతారు."

"మాటలుంటాయా?"

"అంత కష్టం పెట్టన్లే."

ఇంటికి రెక్కలు కట్టుకుని వచ్చాను.

"వేషం దొరికింది ఫెలీ! నీ మొగుడి వేషం!"

"ఆయన మొదటి అంకంలోనే పోయాడు కదండీ," అంది ఆవిడ చిక్కుడుకాయలు తుంచుతూ.

నేను కుర్చీలో కూలబడ్డాను.

"అదిగో, అలాగే. మీకు సహజంగా వచ్చేస్తుంది. ప్రతి ఆదివారం మీ మధ్యాహ్నం నిద్ర చూస్తున్నానుగా."

ఎంతైనా టీచరు కదా, శిక్షణ కూడా ఇచ్చింది. "నేను పైస్థాయిలో రాగం లాగినప్పుడు జనం నన్నే చూస్తారు. అప్పుడు ఊపిరి తీసుకోండి. మిగతాసేపు పోయినట్టుండండి." భోజనాల బల్ల మీద పడుకుని సాధన చేశాను. ఆవిడ రాగం మర్చిపోయిన రోజున నిజంగానే పోయేవాణ్ణి.

ప్రదర్శన రోజు హాలు నిండిపోయింది. ముందు వరసల్లో ఫెలీ శిష్యులు. నేను శవపేటికలో, కోటు వేసుకుని, కళ్ళు మూసుకుని. పాట మొదలైంది. పళ్ళ డాక్టరు గొంతు దగ్గరికొచ్చింది. ఫెలీ గొంతు ఇంకా దగ్గరికొచ్చింది. పాట ఆగింది.

నిశ్శబ్దం.

ఇంకా నిశ్శబ్దం.

కౌగిలింతకి ఇంతసేపా? నా వల్ల కాలేదు. ఒక కన్ను, అదీ సగమే, తెరిచాను.

"టీచర్! శవం చూస్తోంది!" అని ఒక పిల్ల అరిచింది.

హాలంతా గొల్లుమంది. ఎవరో ముసలమ్మ శిలువ గుర్తు వేసుకుని తలుపు వైపు పరిగెత్తింది. కంగారులో లేచి కూర్చున్నాను. కూర్చున్నాక తెలిసింది, అదింకా పెద్ద తప్పని. పళ్ళ డాక్టరు పళ్ళు కూడా మూసేసుకున్నాడు.

ఫెలీ ఒక్కతే కదల్లేదు. వాద్యాల వాళ్ళకి వేలితో సైగ చేసింది. కళ్ళనిండా నీళ్ళతో, అప్పటికప్పుడు కట్టి పాడింది: "నన్ను ఒంటరిగా వదల్లేక లేచావా నాథా? నా చెయ్యి ఇతని చేతిలో పెట్టడానికే లేచావా?"

ఆ పాటకి హాలంతా ముక్కులు చీదింది. తర్వాత అందరూ నా వైపు చూశారు. పిల్లలు కూడా. 'కాదు' అనే శవం మొహం ఎలా పెట్టాలో నాకెవరూ నేర్పలేదు.

తల ఊపాను.

ఫెలీ చెయ్యి తీసుకుని, నా చేతులతో నేనే, పళ్ళ డాక్టరు చేతిలో పెట్టాను. ఆవిడ నన్ను మెల్లగా పడుకోబెట్టి, నుదుటి మీద ముద్దు పెట్టి, పేటిక మూత వేసేసింది. చీకట్లో చప్పట్లు వినిపించాయి. కౌగిలింత మటుకు కనిపించలేదు.

తెర పడ్డాక ఎపిఫానియా గారు కళ్ళు తుడుచుకుంటూ వచ్చారు. "నెలాఖరు దాకా ప్రతి ఆటలోనూ ఇలాగే లేవాలి నాయనా!"

ఇంటికెళ్తూ ఫెలీ అడిగింది, "ఇంతకీ ఎందుకు లేచారు?"

"వీపు దురద పెట్టింది."

"రేపు కూడా సరిగ్గా అప్పుడే పెట్టాలి," అంది ఆవిడ. "చేతులు కలిపేటప్పుడు మాత్రం కాస్త నవ్వండి."