ఊరికే చూద్దామని

రెండో శనివారం సెలవు. జీవన్ పొద్దున్నే స్నానం చేసి, ఆదివారం చర్చికైనా, ఎవరైనా పోతే పలకరింపుకైనా వేసుకునే తెల్ల చొక్కా తొడుక్కున్నాడు. ఓడలరేవు వెళ్ళి పెద్దమ్మ సూరమ్మను చూసి, భోజనాల వేళకు అమలాపురంలో ఇంటికి వచ్చెయ్యాలని అతని ఆలోచన. డిగ్రీ చదివిన మూడేళ్ళూ ఆవిడ ఇంట్లోనే తిన్నాడు. ఉద్యోగం వచ్చాక మాత్రం ఫోనులో పువ్వుల బొమ్మలు పంపుతున్నాడు. ఆవిడ తిరిగి దండం బొమ్మ పంపేది. మొన్నటి వారం నుంచీ ఆ దండమూ రావడం లేదు. అతనికి అదే బెంగ.

"ఓ ఫోను చేసి వెళ్ళండి," అంది భార్య స్టెల్లా.

"పెద్దమ్మింటికి ఫోను చేసి వెళ్ళడమేంటి? ఊరికే చూద్దామని వెళ్తున్నాను."

ఉత్త చేతులతో వెళ్ళడం బాగుండదని బస్టాండు దగ్గర ఒక బ్రెడ్డూ, ఒక అత్తం అరటిపళ్ళూ కొన్నాడు. కోనసీమలో ఆ రెండూ కలిపి ఎవరి చేతిలో కనబడినా, ఆ మనిషి రోగిని చూడ్డానికే వెళ్తున్నట్టు లెక్క. హడావుడిలో ఆ సంగతి అతనికి తట్టలేదు.

బస్సులో పక్క సీటావిడ రాజేశ్వరమ్మ. అల్లవరంలో ఉండే అతని మేనమామ ఆనందరావుగారి ఎదురింటావిడ. సంచీని చూసింది. తెల్ల చొక్కాను చూసింది.

"ఎవరికి బాబూ బాగోలేనిది?"

"ఎవరికీ కాదండీ. ఊరికే మా పెద్దమ్మని చూద్దామని."

"ఊరికేనా?" ఆవిడ గొంతు సగానికి పడిపోయింది. "ఆయ్... అర్థమైందిలెండి. నేనెవరికీ చెప్పనండి."

అల్లవరంలో దిగి, ఎవరికీ చెప్పనన్నావిడ తిన్నగా ఆనందరావుగారి గుమ్మంలోకి నడిచింది.

ఓడలరేవులో సూరమ్మ ఇంటికి తాళం వేసి ఉంది. జీవన్ ఫోను చేస్తే లోపల మంచం మీదెక్కడో మోగుతోంది. పక్కింటి రాఘవులు బయటికొచ్చాడు.

"పొద్దున్నే ఆటోలో ఎళ్ళేరండి."

"కూర్చునా, పడుకునా?"

"చూళ్ళేదండి. నేను ఫోను చూసుకుంటన్నానండి."

అంతలో ఆనందరావుగారి ఫోను.

"ఒరే, అక్కని ఏ ఆసుపత్రిలో చేర్పించేర్రా?"

"ఆసుపత్రా! మీకెవరు చెప్పేరు మామయ్యా?"

"ఊరంతా తెలిసిపోయిందిరా, దాచకు. అమలాపురం పెద్దాసుపత్రే అయ్యుంటుంది, నేను బయల్దేరిపోయేను."

అంటే నిజమే. దండం బొమ్మ ఎందుకు రాలేదో ఇప్పుడు తెలిసింది. జీవన్ ఆటో ఎక్కి దారిపొడుగునా చుట్టాలందరికీ ఫోన్లు చేశాడు. కొందరికి తనెవరో చెప్పుకోవలసి వచ్చింది. ఒక పిన్ని అయితే, "జీవనంటే మన జీవనేనా?" అని ఏడుపు ఆపి మరీ అడిగింది. మాట్లాడుతున్నంతసేపూ అతని మనసులో ఒకటే మాట: ఒక్కసారి కనబడు పెద్దమ్మా, ఇంకెప్పుడూ బొమ్మలు పంపను.

అమలాపురంలో పెద్దాసుపత్రి గేటు దగ్గరికి తెల్ల చొక్కాలు, తెల్ల చీరలు ఒక్కొక్కటిగా చేరాయి. ప్రతి చేతిలోనూ బ్రెడ్డూ, అరటిపళ్ళూ.

"సూరమ్మగారని ఎవరూ చేరలేదండీ," అంది కౌంటరులో అమ్మాయి.

"ఐసీయూలో చూడమ్మా," అన్నారు ఆనందరావుగారు.

"అక్కడా లేరండి."

ఐసీయూలోనూ లేకపోతే ఇంకెక్కడ ఉంటుందో పైకి అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. వెనక ఎవరో ప్రార్థన మొదలుపెట్టారు. జీవన్ గోడకు చేరగిలబడి కళ్ళు తుడుచుకుంటుంటే ఫోను మోగింది. స్టెల్లా.

"ఇందాకణ్ణించీ చేస్తన్నానండీ, ఎప్పుడు చూసినా బిజీ! పెద్దత్తయ్యగారు మనింట్లో ఉన్నారు."

"ఎ... ఎలా ఉంది?"

"పీతలు కడుగుతున్నారు."

బలగమంతా ఆటోల్లో జీవన్ ఇంటికి కదిలింది. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని పెరట్లోంచి వచ్చిన సూరమ్మ, గేటు దగ్గర ఆ తెల్లబట్టల గుంపును చూసి, చేతిలో పీతను నేల మీదికి వదిలేసింది.

"ఓరి నాయనోయ్! ఎవరు పోయేర్రా?"

"ఎవరూ పోలేదక్కా," అన్నారు ఆనందరావుగారు రొప్పుతూ. "ఊరికే వచ్చేం."

"ఇంతమందీ ఊరికేనా? నిజం చెప్పండ్రా!"

జీవన్ ఆవిడ తడిచేతులు రెండూ పట్టుకున్నాడు.

"మరి నువ్వెందుకొచ్చేవు పెద్దమ్మా?" అన్నాడు.

"ఆ పువ్వుల బొమ్మలు చూసి చూసి విసుగొచ్చిందిరా. దండాలు పెట్టడం కూడా మానేసేను. నీ మొహం చూసెళ్దామని వచ్చేను. ఊరికే రాకూడదేంట్రా?"

ఈలోగా వదిలేసిన పీత ఆనందరావుగారి చెప్పులకేసి నడవడంతో అందరూ వసారా ఎక్కేశారు. ఆ ఇంటి వసారాలో అంతమంది చుట్టాలు కూర్చోవడం గృహప్రవేశం తర్వాత అదే మొదటిసారి. సాయంత్రం దాకా ఎవరూ కదల్లేదు.

పీతలు అందరికీ చాలలేదు గాని, బ్రెడ్డు మాత్రం మిగిలింది.