సగం చేప, పూర్తి వర్ధంతి

ఆ ఉదయం ఉసామి తెయిజో వేసుకున్న పథకంలో ఒళ్లు వంచాల్సిన పని ఒక్కటీ లేదు. టిఫిన్ తినాలి, వేడినీటి బుగ్గలో మెడ దాకా మునగాలి, గదికొచ్చి కాళ్లు చాపుకుని ఏరు వైపు చూస్తూ కూర్చోవాలి, విసుగొస్తే మళ్లీ వెళ్లి మునగాలి. నీటి మీటర్ల కంపెనీలో ముప్పై నాలుగేళ్లు అరిగిపోయిన మనిషి ఇంతకంటే ఏం కోరుకుంటాడు!

కిరియా ఎంత గొప్ప సత్రమంటే దానికి బోర్డు కూడా ఉండదు. వెతుక్కుంటూ రాలేనివాళ్లు రానక్కర్లేదని వాళ్ల ఉద్దేశం. గదులు తొమ్మిది, పనివాళ్లు ముప్పై మంది. అంటే ఒక్కో అతిథి మీదికి ఒకటిన్నర మంది వినయంగా వచ్చి పడతారు. అతిథి నోరు తెరవకముందే అతని మనసు తెలుసుకోవడం అక్కడి ప్రత్యేకత. మనసులో లేనివి కూడా తెలుసుకుంటారని తెయిజోకి అప్పటికింకా తెలియదు.

వచ్చింది ముప్పయ్యో పెళ్లిరోజుకి. ఈ ముప్పై ఏళ్లలో తెయిజో, అతని భార్య ఫుసాయే చేసిన ప్రతి ప్రయాణంలోనూ తెయిజో తల్లి మసుయో ఉంది. హనీమూన్‌కి అతామి వెళ్తే అక్కడా ఉంది. గదిలో మూడు పరుపులు వేశారు, మధ్యది ఆవిడది. అందుకని ఈసారి తెయిజో గుండె చిక్కబట్టుకుని, కంపెనీ వాళ్లు నగోయాలో శిక్షణ పెట్టారనీ, భార్యల్ని కూడా రమ్మన్నారనీ తల్లికి చెప్పాడు. మీటర్ల శిక్షణకి భార్యలెందుకని ఎనభై ఆరేళ్ల మసుయో అడగలేదు. అడగకపోవడమే అతన్ని కొంచెం భయపెట్టింది.

టిఫిన్ గదికే వచ్చింది. బల్ల మీద పదకొండు గిన్నెలు, మధ్యలో ఉప్పు రాసి నిప్పుల మీద కాల్చిన ఏటి చేప. ముందురోజు సాయంత్రం తిన్న పద్నాలుగు రకాలు తెయిజో కడుపుని ఇంకా ఖాళీ చెయ్యలేదు. మొహమాటపడి సగం చేప తిని, సగం వదిలేసి, చాప్‌స్టిక్స్ కింద పెట్టాడు.

గిన్నెలు తియ్యడానికొచ్చిన మిచిరు అనే పనమ్మాయి ఆ సగం చేపను చూసి ఆగిపోయింది.

"అయ్యగారికి చేప నచ్చలేదాండీ?"

"అబ్బే, చాలా బాగుందమ్మా. ఇక చాలు."

సగం చేపను ముందు పెట్టుకుని చాలా బాగుందనడం కిరియాలో బూతుమాటతో సమానం. మిచిరు తల నేలకానించి క్షమాపణ చెప్పి వెళ్లింది. రెండు నిమిషాల్లో ఆమె పైఅధికారిణి వచ్చి క్షమాపణ చెప్పింది. ఐదు నిమిషాల్లో సత్రం యజమానురాలు సానాద గారు బూడిదరంగు పట్టు కిమోనోలో వచ్చి, ఇద్దరి కంటే నెమ్మదిగా, ఇద్దరి కంటే కిందికి వంగి క్షమాపణ చెప్పింది. చివరికి వంటపెద్ద దోబాషి వచ్చాడు. మనిషి బీరువాలా ఉంటాడు. తెల్ల టోపీ తీసి మోకాళ్ల ముందు పెట్టుకుని, చాప మీద నుదురు ఆనించాడు.

"నలభై ఏళ్లుగా ఈ చేప కాలుస్తున్నానండీ. ఇంతవరకూ ఒక్క అతిథి కూడా వదల్లేదు. ఇక నా చెయ్యి పనికిరాదని అర్థమైంది. ఈ రోజుతో పొయ్యి దిగిపోతాను."

"అయ్యో, అదేం లేదండీ! నాకు కడుపు నిండిపోయి..."

"నా పరువు కాపాడ్డానికి తమరు అలా అంటున్నారు," అని దోబాషి ఇంకా కిందికి వంగాడు. అంతకంటే వంగాలంటే చాప చిరగాలి.

గదిలో నలుగురు బోర్లా పడున్నారు. తెయిజో కట్టుకున్న పల్చటి నూలు కిమోనో మోకాలి దగ్గర తొలగిపోతోంది. భార్య వైపు చూశాడు. ఆమె ఏటి వైపు చూస్తోంది. ఒక వంటవాడి బతుకు తన చేప ముక్క మీద వేలాడుతుంటే మనిషన్నవాడు ఏదో ఒకటి అనాలి.

"అది కాదండీ. తింటుంటే... మా అమ్మ గుర్తొచ్చింది."

దోబాషి తల అంగుళం లేచింది. సానాద గారు చేతిగుడ్డ కళ్ల దగ్గరికి తీసుకుంది.

"అమ్మగారు..." అని ఆగింది.

అక్కడ తెయిజో నిజం చెప్పి ఉండొచ్చు. మా అమ్మ తకసాకిలో, మా ఇంట్లో, ఈపాటికి టీవీ ముందు కూర్చుని పక్కింటివాళ్ల కుక్కను తిడుతుంటుంది అని చెప్పి ఉండొచ్చు. కానీ దోబాషి కళ్లల్లో ప్రాణం తిరిగొస్తోంది. తెయిజో తల దించుకున్నాడు. ఆ తల దించుకోవడమే అంతా అనేసింది.

"ఎన్నేళ్లయిందండీ?" అంది సానాద గారు గొంతు తగ్గించి.

"పదహారు," అన్నాడు తెయిజో. నోటికి వచ్చిన అంకె అది.

"అంటే, చనిపోయిన ఏడు కూడా కలిపితే ఇది పదిహేడో వర్ధంతి!" అన్నాడు దోబాషి. "పెద్ద కార్యం! ఏ రోజండీ?"

"ఈ నెలలోనే..."

"ఇవాళేనా? అందుకేనా ముద్ద దిగలేదు?"

తెయిజో తలూపాడు. ఆ క్షణంలో ప్రపంచంలో ఏ ప్రశ్న అడిగినా తలూపేవాడే.

వాళ్లు కళ్లు తుడుచుకుంటూ వెళ్లాక ఫుసాయే మెల్లగా ఇటు తిరిగింది.

"ముప్పై ఏళ్ల కాపురంలో నేను మనసులో కూడా అనుకోని మాట," అంది. కాస్త ఆగి, "ఎక్కువసార్లు అనుకోని మాట. సగం చేప కోసం అనేశారు."

"ఏం చెయ్యమంటావు? ఆయన ఉద్యోగం మానేస్తానంటున్నాడు!"

"మిగతా సగం మింగాల్సింది."

ఆ సంగతి అంతటితో ఆగుతుందని తెయిజో ఆశపడ్డాడు. స్నానానికి వెళ్తే, పెళ్లిరోజని తమ కోసం ఎర్ర గులాబీ రేకులు చల్లిన తొట్టిలో ఇప్పుడు చావింట్లో పెట్టే తెల్ల చామంతులు తేలుతున్నాయి. గదికొచ్చేసరికి మూలన చిన్న బల్ల మీద అగరొత్తులు, అన్నం గిన్నె, దాని పక్కన ఉప్పు రాసి కాల్చిన చేప, ఈసారి పూర్తిది. నాలుగింటికి కొండ మీది గుడి నుంచి గురువుగారు వస్తున్నారని మిచిరు చెప్పింది. నల్లబట్టలు సత్రం వాళ్లే ఇస్తారట.

"రాత్రి భోజనం కూడా మార్చేశామండీ," అంది మిచిరు ఓదార్పుగా. "కర్మ రోజు కదా. అంతా శాకాహారమే."

ఫుసాయే లేచి నిలబడింది. "రాతి మీద కాల్చే బీఫ్?"

"మర్యాద కాదు కదండీ, అమ్మా. టోఫూ చేస్తున్నారు, తొమ్మిది రకాలు."

ఆ బీఫ్ ఫోటో ఫుసాయే రెండు నెలలుగా ఫోన్‌లో దాచుకుంది. భర్త వైపు ఒక్క చూపు చూసింది. పదహారేళ్ల కిందట పోయింది మసుయో కాదు తెయిజో అయితే బాగుండేదన్నట్టుంది ఆ చూపు.

పదకొండింటికి సానాద గారు స్వయంగా వచ్చి కూర్చుంది.

"గురువుగారు మంత్రాలు చదవడానికి అమ్మగారికి పోయాక గుడిలో పెట్టిన పేరు కావాలన్నారు. దుఃఖంలో ఉన్న తమరిని కదిలించడం ఎందుకని, రిజిస్టర్‌లో ఉన్న ఇంటి నంబరుకి నేనే ఫోన్ చేశానండీ."

తెయిజో టీ కప్పు కింద పెట్టేశాడు.

"ఎవరు... ఎవరు ఎత్తారు?"

"తమ చిన్నమ్మగారు. పోయినావిడకి చెల్లెలట. సంగతి వినగానే పాపం చాలాసేపు మాట్లాడలేకపోయారు. తర్వాత, అక్క కార్యానికి నేను లేకపోతే ఎలా అని అప్పటికప్పుడు బయల్దేరారు. స్టేషన్‌కి మా కారు పంపిస్తున్నాం."

తెయిజోకి చిన్నమ్మ లేదు. మసుయోకి అన్నదమ్ములు కూడా లేరు.

సానాద గారు వెళ్లగానే అతను బ్యాగు తెరిచాడు. "పద, పారిపోదాం."

"చెప్పులు గుమ్మం దగ్గర వాళ్ల దగ్గరున్నాయి," అంది ఫుసాయే. "అడిగితే ముప్పై మంది సాగనంపడానికొస్తారు. అయినా నేను రాను. ఇది చూడకుండా నేనెక్కడికీ రాను."

మూడింటికి నల్లకారు వచ్చింది. పని వాళ్లందరూ రెండు వరసల్లో నిలబడి నడుము దాకా వంగారు. ఆ వంగిన వీపుల మధ్యనుంచి తమ వంశ చిహ్నం వేసిన నల్ల కిమోనోలో, చేతికర్ర టకటకలాడిస్తూ మసుయో నడిచి వచ్చింది. వంగినవాళ్లు తన తలకంటే కింద ఉండటం ఆవిడకి బాగా నచ్చినట్టుంది, కావాలనే నెమ్మదిగా నడిచింది. కొడుకు ముందు ఆగింది.

"అక్క పోయి పదహారేళ్లయిందా నాయనా! నిన్న రాత్రి నాతో కూర్చుని నూడుల్స్ తిన్నట్టే ఉంది."

"అ... చిన్నమ్మా," అన్నాడు తెయిజో.

"నగోయా నుంచి ఎప్పుడొచ్చావు?"

అతను కూడా పనివాళ్లలా నడుము దాకా వంగాడు. సానాద గారు వెనక నిలబడి, దుఃఖంలో బంధువులు ఎంత తడబడతారో కదా అని కళ్లు ఒత్తుకుంది.

నాలుగింటికి పెద్ద హాలులో కార్యం మొదలైంది. పక్క గదుల అతిథులు కూడా స్నానాలు ముగించుకుని వచ్చి కూర్చున్నారు. గురువుగారు గంట కొట్టి మంత్రాలు చదివారు. అందరికంటే ముందు వరసలో పోయినావిడ కూర్చుని శ్రద్ధగా వింది. మంత్రాలయ్యాక మసుయో చేతికర్ర ఒకసారి నేలకి తాటించింది.

"మా అక్క గురించి కొడుకు నాలుగు మాటలు చెప్తాడు."

తెయిజో లేచాడు. మా అమ్మ మంచిది, కష్టజీవి అన్నాడు. ఆగాడు. అందరూ ఎదురు చూస్తున్నారు. తల్లి సూటిగా చూస్తోంది. ఏం చెప్పాలో తోచక, నిజం చెప్పడం మొదలుపెట్టాడు.

"నా హైస్కూలు ప్రవేశ పరీక్ష రోజు మంచు పడింది. నా బూట్లు తడిసిపోయి ఉన్నాయి. మా అమ్మ తెల్లవారుజామునే లేచి వాటిని కోటు లోపల, కడుపుకి ఆనించుకుని కూర్చుంది. నేను తొడుక్కునేసరికి వెచ్చగా ఉన్నాయి. అది... అప్పుడు నేను ఏమీ అనలేదు. తర్వాత కూడా అనలేదు. ఆవిడ నాతో ఎక్కడికైనా వస్తానంటే ముఖం చిట్లించేవాణ్ణి. అబద్ధాలు చెప్పేవాణ్ణి. ఇవాళ పొద్దున కూడా..." చివరి మాటలు చాప వైపు చూస్తూ గొణిగాడు.



"గట్టిగా చెప్పు," అంది మసుయో. "వెనక వాళ్లకి వినపడటం లేదు."

తెయిజో మొదటినుంచి మళ్లీ గట్టిగా చెప్పాడు. ఈసారి దోబాషి బావురుమన్నాడు. ఫుసాయే కూడా చేతిగుడ్డ తీసింది. ముందు వరసలో ఆవిడ మాత్రం ఏడవలేదు, చీమిడి ఉన్నట్టు రెండుసార్లు ముక్కు తుడుచుకుంది, అంతే.

గదికి రాగానే తెయిజో తల్లి కాళ్ల ముందు కూలబడ్డాడు. "అమ్మా, క్షమించు."

"చచ్చినదానితో మాట్లాడకు, అరిష్టం." మసుయో మెత్త మీద చతికిలబడింది. "నీ తల్లికి గుడిలో పెట్టిన పేరేంటని ఆ సానాదమ్మ ఫోన్ చేసి అడిగితే, ముందు లేచెళ్లి అద్దంలో చూసుకున్నాను. ఉన్నాను. ఎందుకైనా మంచిదని కళ్లద్దాలు పెట్టుకుని మళ్లీ చూశాను."

ఫుసాయేకి నవ్వు ఆగలేదు. మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుంది గానీ భుజాలు దాచలేకపోయింది. మసుయో కోడలి వైపు తిరిగింది.

"నువ్వు నన్ను చంపలేదు కదా?"

"లేదత్తయ్యా. బల్ల దగ్గరున్నాను, అంతే."

"బతికుండగా నాతో ఇంత మర్యాదగా ఎవరూ మాట్లాడలేదే. కారు పంపించారు, కాళ్లకి వేడి తువ్వాలు పెట్టారు. పద, ఇద్దరం వెళ్లి స్నానం చేసొద్దాం." లేవబోతూ ఆగి, నడవాలో అప్పుడే వస్తున్న మిచిరుని పిలిచింది. "అమ్మాయ్, కర్మ రోజు శాకాహారం ఎవరికి?"

"కుటుంబానికండీ."

"మా వైపు కొడుక్కి మాత్రమే. చెల్లెలికీ కోడలికీ పట్టింపు లేదు. ఆ రాతి మీద కాల్చేదేదో మాకిద్దరికీ పట్రా. వాడికి ఆ తొమ్మిది రకాలూ పెట్టు. ఒక్కటి కూడా వదలకుండా తింటాడు, చూస్తుండు."

ఆ సాయంత్రం ఏటి వైపు కిటికీ పక్కన అత్తాకోడళ్లు రాతి మీద మాంసం సుయ్యిమనిపిస్తూ, ముప్పై ఏళ్లలో మొదటిసారి ఒకే విషయం మీద ఏకాభిప్రాయంతో నవ్వుకున్నారు. ఆ విషయం ఎదురుగా కూర్చుని టోఫూ తింటోంది.

మర్నాడు పొద్దున గుమ్మం దగ్గర సానాద గారు వంగి వీడ్కోలు చెబుతూ, ఆచారం ప్రకారం తర్వాతి పెద్ద కార్యం ఆరేళ్లకని గురువుగారు చెప్పిన మాట అందించింది. అంతకాలం ఆగే ఓపిక లేదని, వచ్చే ఏడాది వర్ధంతికి ఏటి వైపు పెద్ద గదిని పోయినావిడే దగ్గరుండి బుక్ చేయించింది.