జయరామప్ప నుంచి స్పందన లేదు

బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో సత్యభామ నడిపే స్టూడియోకి ఆ సాయంత్రం ఒక అమ్మాయి నాట్యప్రదర్శన లైవ్ ఉంది. కెమెరాలన్నింటినీ కలిపే వీడియో మిక్సర్ పోయినసారి మధ్యలో వేడెక్కి ఆగిపోయింది. అందుకే ఈసారి రెండో మిక్సర్ కూడా తెచ్చిపెట్టుకున్నారు. నగర్తపేటలో వీడియో షాపు నడిపి తనకీ పని నేర్పిన తండ్రి మీద ప్రేమతో, సత్యభామ ఆ మిక్సర్‌కి నెట్‌వర్క్‌లో ‘జయరామప్ప’ అని ఆయన పేరే పెట్టింది.

పొద్దున్నే, కొత్తగా చేరిన ఓంకార్‌ని పిలిచింది. “అది వేడెక్కినా, ఆగినా మెసేజ్ రావాలి. మన గ్రూపులో పెట్టు.”

ఓంకార్ ఫోన్ చూశాడు. సత్యభామ గృహప్రవేశం వీడియో పంపడానికి అతన్ని చేర్చిన తన చుట్టాల గ్రూపు పేరు ‘మనోళ్ళు’. మనదంటే ఇదే అనుకున్నాడు. అందరికీ అర్థమయ్యేలా మెసేజ్‌లు తెలుగులో రాసి, పరీక్ష కోసం మిక్సర్ ఫ్యాన్ ఆపాడు.

“జయరామప్ప: వేడి బాగా పెరిగింది.”

“జయరామప్ప: స్పందన లేదు.”

“జయరామప్ప స్థానంలో రెండోది సిద్ధంగా ఉంది.”

హెబ్బగోడి నుంచి జయరామప్ప చెల్లెలు అక్కయమ్మ ఏడుస్తూ అన్న ఇంటికి ఫోన్ చేసింది. “వదినా, అన్న ఏ ఆస్పత్రిలో ఉండాడు?”

“కటింగ్‌కని పోయినాడే! ఫోన్ ఈడనే ఉండాది!” అంటూ జయరామప్ప భార్య పుష్పావతి కూడా ఏడుపు అందుకుంది. మూడో మెసేజ్ చదివాక ఆపేసింది. “ఎవరే ఆ రెండోది?”

కాంపౌండ్ గోడ తగాదాతో కొన్నేళ్లుగా మాటల్లేని తమ్ముడు సొన్నప్ప గ్రూపులో రాశాడు: “మా అన్న దేవుడు. గోడ విషయంలో తప్పు నాదే.” రాసి, చెప్పులు కూడా లేకుండా అన్న ఇంటికి పరుగెత్తాడు.

తల్లి ఫోన్ చేయడంతో సత్యభామ వచ్చి పడేసరికి ఇల్లంతా జనం. అంతలో జయరామప్ప నున్నటి గడ్డంతో, చేతిలో కూరకి కొన్న సొప్పు కట్టతో లోపలికొచ్చాడు. సొన్నప్ప అతన్ని వాటేసుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

“ఏమైందప్పా? ఎవరికేమైంది?” అని జయరామప్ప కూడా ఏడవబోయాడు.

సత్యభామ అప్పటికిగానీ గ్రూపు చూడలేదు. వెంటనే ఫోన్ చేసింది. “ఓంకార్! ఏం చేశావు నువ్వు?”

“అలర్ట్స్ వస్తున్నాయి కదా మేడమ్? సూపర్‌గా వర్క్ అవుతున్నాయి!”

సంగతంతా విన్నాక ఓంకార్ అడిగాడు, “ఉద్యోగం పోయినట్టేనా మేడమ్?”

సొన్నప్ప సిగ్గుపడుతూ తను రాసింది చెరపబోయాడు. జయరామప్ప అతని చెయ్యి పట్టుకున్నాడు. “అది ఉండనీరా. భోంచేసి పో.” తర్వాత కూతురివైపు తిరిగాడు. “ఆ పిల్లోణ్ణి ఏమనొద్దమ్మా. నా తమ్ముణ్ణి ఇంటికి తెచ్చినాడు.”

ఓంకార్ మెసేజ్‌లని స్టూడియో గ్రూపుకి మార్చాడు. మనోళ్ళలో భయం తీర్చడానికి సత్యభామ, “నాన్న బాగున్నాడు, సాయంత్రం మన లైవ్ దగ్గరే ఉంటాడు” అని రాసి, లింకు పెట్టింది.

లైవ్ ఏ ఆటంకమూ లేకుండా నడిచింది. అంతమంది చివరిదాకా చూశారని నాట్యం చేసిన అమ్మాయి తల్లిదండ్రులు పొంగిపోయారు. ఆ చూసినవాళ్ళంతా ‘మనోళ్ళు’ గ్రూపువాళ్ళేననీ, జయరామప్ప ఎప్పుడు కనిపిస్తాడా అని చూశారనీ సత్యభామ చెప్పలేదు.