వాయిదా నిర్మూలన వారోత్సవం

రాష్ట్రంలో ఏ విద్యార్థీ ఇకమీదట హోంవర్కును రేపటికి వాయిదా వేయరాదని విద్యామంత్రిగారు ప్రకటించారు. ఇందుకోసం జూలైలో ‘వాయిదా నిర్మూలన వారోత్సవం’ జరుపుతామన్నారు. జూలైలో ఆయనకు ఢిల్లీలో పని తగలడంతో అది ఆగస్టుకు, ఆగస్టులో శ్రావణమాసం పెళ్లిళ్లు ఎక్కువై సెప్టెంబరుకు వాయిదా పడింది. అంత గొప్ప ఉద్యమానికి ఆమాత్రం సన్నాహం అవసరమే.

ప్రారంభోత్సవానికి చిక్కడపల్లి మార్కెట్ వెనకనున్న సర్కారు బడిని ఎంపిక చేశారు. అక్కడ ఏడో తరగతికి తెలుగు చెప్పే అరుంధతి టీచర్‌కు ఈ గౌరవం కొంచెం ఇబ్బందిగానే తోచింది. హోంవర్కు ఎగ్గొట్టడంలో ఆమె పిల్లలు ఆరితేరినవాళ్లు. ఒకడి పుస్తకాన్ని మేక తినేది. ఒకడి మేనమామ నెలకోసారి చనిపోయేవాడు. మొదట్లో ఆమె బెత్తం పట్టింది. పిల్లల చేతులు వాచాయి గానీ పుస్తకంలో అక్షరం పుట్టలేదు. చివరికి రాయనివాళ్లను బడి వదిలాక కూర్చోబెట్టి, తనూ వాళ్ల పక్కనే కూర్చోవడం మొదలుపెట్టింది. ఏమీ తోచనివాళ్లను, ఎందుకు రాయలేదో అదే రాసిమ్మనేది.

వారోత్సవానికి ముందురోజు సాయంత్రం డిప్యూటీ విద్యాధికారి ఇంద్రసేన చెమటలు తుడుచుకుంటూ ఆ తరగతిలోకి వచ్చాడు. మంత్రిగారి ప్రసంగం రాసే బాధ్యత ఆయనకు జూన్‌లోనే అప్పగించారట. ముందు ఇంట్లో పెళ్లి వచ్చింది, తర్వాత కరెంటు పోయింది, ఆపైన నడుంనొప్పి. తెల్లారితే సభ.

“జర మీరే రాసియ్యరాదు టీచరమ్మా,” అన్నాడు.

అరుంధతి చివరి బెంచీ చూపించింది. “కూసోండి సార్. రాసినంక పోదురు.”

ఆయనకు కోపమైతే వచ్చింది గానీ కూర్చోక తప్పలేదు. మోకాళ్లు ఇరికించుకుని “ఆలస్యం అమృతం విషం” అని రాసి, ఆ వాక్యాన్ని చాలాసేపు మెచ్చుకున్నాడు. తర్వాత పెన్ను కొరికాడు. కిటికీలోంచి మిర్చిబజ్జీల వాసన వస్తుంటే అటు చూశాడు.

ముందు బెంచీలో భాను, హోంవర్కు ఎందుకు రాయలేదో తలెత్తకుండా రాస్తోంది. ఆమెది పాలమూరు నుంచి కూలికొచ్చిన కుటుంబం. అశోక్‌నగర్‌లో పాత ఇళ్లు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కడుతున్న చోట తల్లి నర్సింహమ్మ ఇటుకలు మోస్తుంది. కాపురం కూడా ఆ కడుతున్న ఇంట్లోనే. భాను రాయడం ముగించి, కాగితం బల్లమీద పెట్టి, తమ్ముణ్ని చూసుకోవాలని పరుగెత్తింది.

అరుంధతి మంచినీళ్లు తాగి వచ్చేసరికి అధికారిగారు పని పూర్తి చేసుకుని వెళ్లిపోయారు. భాను కాగితం కూడా కనిపించలేదు. గాలికి ఎగిరిందేమోనని ఆమె బెంచీల కింద వెతికింది.

మర్నాడు పిల్లలు ‘నేటి పని నేడే’ అన్న అట్టలు పట్టుకుని నారాయణగూడ చౌరస్తా దాకా నడిచి, తిరిగొచ్చి ఎండలో నిలబడ్డారు. పొద్దున రావలసిన మంత్రిగారు మధ్యాహ్నం దాటాక వచ్చి, జేబులోంచి కాగితం తీసి గంభీరంగా చదివారు.

“మా అమ్మ ఇటుకలు మోస్తది. నేను తమ్మున్ని ఎత్తుకుంట, నల్లకాడ నీళ్లు పడత. పుస్తకం తీసేసరికి చీకటైతది. బల్బు కింద కూసుంటే వాచ్‌మన్ బందుచేస్తడు. ఇల్లు పూర్తయినంక రాద్దామనుకుంట. పూర్తయితే మేం ఖాళీ చెయ్యాలె.”

సభలో చప్పట్లు మోగాయి. మంత్రిగారు తన బాల్యానికి తానే కరిగిపోయి కండువాతో కళ్లు అద్దుకున్నారు. ఆయన తండ్రికి రైసుమిల్లులున్న సంగతి తెలిసినవాళ్లు ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. గతాన్ని వర్తమాన కాలంలో చెప్పడం ఆయన ప్రతిభకు నిదర్శనమని పత్రికలు రాశాయి.

వేదిక పక్కన అరుంధతి ఇంద్రసేనను నిలదీసింది. అది తన విద్యార్థిని రాసిందని చెప్పింది. ఆయన మెల్లగా, “ఇప్పుడెందుకమ్మా, రేపు మాట్లాడుకుందాం,” అన్నాడు.

ఆ రేపు రాలేదు. ప్రసంగాన్ని మాత్రం అచ్చువేసి అన్ని బడులకూ పంపారు. వెంటనే ‘నా చదువుకు అడ్డేమిటి’ అన్న అంశం మీద వ్యాసరచన పోటీ పెట్టారు. గెలిచిన ఆడపిల్లకు నారాయణగూడలోని హాస్టల్లో సీటు ఇస్తారు. అక్కడ బల్బును ఎవరూ బందు చేయరు. అరుంధతి పక్కన కూర్చుని భాను చేత రాయించింది.

న్యాయనిర్ణేత ఇంద్రసేనే. ఆయన ఇద్దరినీ ఆఫీసుకు పిలిపించి, వ్యాసం ముందు పెట్టాడు. ఇది మంత్రిగారి ప్రసంగానికి కాపీ అనీ, ఈ వయసులోనే దొంగతనం మంచిది కాదనీ అన్నాడు.

“ఇది ఎవరిదో మీకు తెల్వదా సార్?” అని అరుంధతి అడిగింది.

ఆయన ఫ్యాను వేగం పెంచాడు. ఎవరు రాసినా ఒకసారి ప్రభుత్వం అచ్చువేశాక అది ప్రభుత్వానిదేనని ఓపికగా వివరించాడు.

భాను ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “మరి నేనేం రాయాలె సార్? నాకైతే గిదొక్కటే ఉన్నది.”

ఇంద్రసేన దయగల అధికారి. వేరే బాల్యం రాసుకొచ్చేందుకు ఆమెకు సోమవారం దాకా గడువిచ్చాడు.