గ్వాదలూపె మాత పటం వెనక తుపాకీ

ఎవరికీ కీడు తలపెట్టకుండా గుడ్డలో చుట్టి దాచిన తుపాకీ పాపమా, ఒట్టి నేరమేనా? ఈ సందేహం సిప్రియానోను పద్నాలుగేళ్లుగా తొలిచేస్తోంది. చర్చి ఫాదర్‌ను అడిగితే తేలిపోయేదే. కానీ ఆయన "ఏదీ, ఆ తుపాకీ?" అంటే?

మేనమామ పోతూ పోతూ చేతిలో పెట్టిన రివాల్వర్ అది. ఇంట్లో ఉంచుకోవచ్చు, కాకపోతే సైన్యం ఆఫీసులో నమోదు చేయించాలి. "సోమవారం వెళ్తా" అనుకున్నాడు. ఏడువందల పైచిలుకు సోమవారాలు వచ్చి వెళ్లాయి. దొరికితే జైలే. ఆ భయంతో ఇంట్లో గోడకున్న గ్వాదలూపె మాత పటం వెనక పెట్టిన మూటను మళ్లీ ముట్టుకోలేదు.

ఆ ఆదివారం చర్చి వాకిట్లో సైనికులు తుపాకులు తీసుకుంటారని చాటింపు వేశారు. పేరడగరు, ఊరడగరు. అక్కడికక్కడే కోసేసి, బదులుగా ఏదో ఇంటి సామాను ఇస్తారు.

భార్య ఒబ్దూలియాకు తెలియకుండా మూటను కుండ అడుగున పెట్టి, పైన మొక్కజొన్న పిండిని ఆకుల్లో చుట్టి ఉడికించిన తమాలెలు పేర్చాడు.

"కుండెత్తుకుని ఎక్కడికయ్యా?"

"సైనికులకే. పాపం, ఎండలో నిలబడతారు."

"ఇరవై రెండేళ్ల కాపురంలో నాకో గ్లాసెడు నీళ్లిచ్చావా?"

"నువ్వు ఎండలో నిలబడవుగా!"

"ఇవాళ నిలబడతాలే, పద."

మొక్కజొన్న ఆకుల వాసనకు వీధి వీధంతా వెంటపడింది. అందరూ తలా ఒకటి తీసుకున్నారు. మలుపులో పోలీసాయన మూతెత్తి, "కారందా, తీపిదా?" అంటూ మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. కుండ తరుగుతున్న కొద్దీ సిప్రియానోకు ఆయుష్షు తరుగుతున్నట్టుంది.

చర్చి వాకిట్లో సైనికుడు మూట విప్పాడు. చూశాడు. తిప్పి చూశాడు.

"పెద్దాయనా, ఇది పిండి మర పిడి. దీనికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు."

వరసలో ఉన్నవాళ్లంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

"అసలుది మూడేళ్ల కిందటే ఇక్కడే ఇచ్చేశాను" అంది ఒబ్దూలియా నింపాదిగా. "మాత పటానికి దుమ్ము దులిపేదెవరనుకున్నావు?"

"మరి అప్పుడు మనింటికొచ్చిన వాషింగ్ మెషీన్ చర్చి లాటరీలో వచ్చిందన్నావే!"

"నువ్వు తమాలెలు సైనికులకన్నావుగా."

"ఒక్క మాట చెప్పకూడదటే?"

"చెబితే పూజకు రావడం మానేస్తావని. ఆ మూట పుణ్యమా అని ఏనాడైనా ఒక్క ఆదివారం ఎగ్గొట్టావా?"

సిప్రియానో మెట్ల మీద కూలబడ్డాడు. సిగ్గు వేసింది గానీ, అంతకు పదింతలు గుండె తేలికపడింది. పద్నాలుగేళ్లకు మొదటిసారి నిండా ఊపిరి పీల్చాడు.

"ఇంతకీ ఈ పిడి ఎవరిది?"

"పక్కింటి దోన్యా కూకాది. ఒక్క పూటకని అరువు తెచ్చాను. బరువు సరిపోయిందని తుపాకీ బదులు ఆ గుడ్డలో చుట్టేశాను. మూడేళ్లుగా ఆవిడ కనిపిస్తే పక్క సందులోకి తప్పుకుంటున్నా. తిరిగిచ్చే పుణ్యం నువ్వు కట్టుకో."

తిరిగి వస్తూ సిప్రియానో ఆవిడ తలుపు తట్టాడు. దోన్యా కూకా పిడిని మరకు బిగించి ఒక్క చుట్టు తిప్పి చూసి, కళ్లు పెద్దవి చేసింది.

"ఒక్క తుప్పు మరకైనా లేదే! ఇన్నాళ్లూ ఎక్కడుంది నాయనా?"

"భద్రంగా ఉందమ్మా" అన్నాడు సిప్రియానో. "రాత్రింబవళ్లు కాపలా కాశాను."