అధ్యక్షులవారి మీద పడని చినుకు

హార్కర్స్ ఫోర్డ్ చారిత్రక పరిరక్షణ సంఘం పర్యవేక్షణలో ఉన్న ఇంటికప్పు ఈ ఏడాది కూడా నిరాటంకంగా కురిసిందని మా పత్రిక ద్వారా పురప్రజలకు తెలియజేయడమైనది.

అమెరికా దేశపు తొలి అధ్యక్షుల్లో ఒకరు మా ఊళ్లో ఒక రాత్రి పడుకున్నారు. ఆయన ఎవరన్నది రాయడం లేదు. పేరు రాసుకున్న పక్క ఊళ్లు ఇప్పటికీ కోర్టులో ఉన్నాయి. ఆయన దిగింది పూటకూళ్ల ఇంట్లో. ఆ రాత్రి వాన పడింది. తెల్లవారి గుర్రం ఎక్కుతూ ఇంటి యజమానితో రెండు మాటలు అన్నారు: "కప్పు కురుస్తోంది." వర్జీనియాలో ఆయన చేసిన ప్రసంగాలు చాలా ఉన్నాయి. మా ఊళ్లో చేసింది ఇదొక్కటే.

ఆ ప్రసంగాన్ని ఊరి మొదట్లో రాతి మీద చెక్కించారు. బడిపిల్లలు జెండా వందనం తర్వాత దాన్ని అప్పజెప్తారు. పై తరగతుల వారికి దీని మీద వ్యాసరచన పోటీ ఉంది. కిందటేడు బహుమతి పొందిన వ్యాసం, కప్పు అంటే కేంద్ర ప్రభుత్వమని నిరూపించింది. అంతకు ముందేడు బహుమతి పొందిన వ్యాసం, కప్పు అంటే రాష్ట్రాల హక్కులని నిరూపించింది. విజేతలిద్దరూ ఇప్పుడు న్యాయశాస్త్రం చదువుతున్నారు.

కప్పును కురుస్తున్న స్థితిలోనే కాపాడాలని కౌంటీ పాలకమండలి తీర్మానించింది. కారడం ఆగితే యజమానికి జరిమానా. ఉత్సవం ఫిబ్రవరిలో, అధ్యక్షుల దినం నాడు. ఆ రోజు వాన లేకపోతే అగ్నిమాపక దళం వచ్చి కప్పు మీద నీళ్లు కొడుతుంది. ఒకసారి దళం ఆ పనిలో ఉండగా పక్క వీధిలో చర్చి వంటగది కాలిపోయింది. చర్చి కట్టి వందేళ్లు కూడా కాలేదు కనుక ఎవరూ దళాన్ని తప్పుపట్టలేదు.

ప్రస్తుత యజమాని ఒజెల్లా గ్యాస్కిన్స్. పోస్టాఫీసులో పనిచేసి రిటైరయింది. ఇల్లు పాడుబడి కొనేవాడు లేనప్పుడు, రైలు పట్టాలు మోసిన ఆమె తాత కొన్నాడు. అధ్యక్షులవారి ప్రసంగం ఆ తర్వాత వెలుగులోకి వచ్చింది. ఆయన పడుకున్న గది మేడ మీద ఉంది. దాని కిందే ఒజెల్లా పడుకునే గది. అందువల్ల మేడ మీద కురిసిన చరిత్ర ఆమె గదిలోకి కూడా దిగుతుంది.

ఆకులు రాలే రోజుల్లో, ఇళ్లకు కప్పులు వేసే డెల్మార్ పైకెక్కి చూసి దిగాడు.

"ఒజెల్లా అత్తా, ఆ దూలం తడిసిన రొట్టెలా ఉంది. వచ్చే చలికాలం దాకా ఉంటే గొప్ప. మంచం పక్క గదిలో వేసుకో."

"పక్క గదిలో చోటెక్కడిదిరా? అక్కడ బకెట్లు పడుకుంటున్నాయి."

ఆమె మరమ్మతుకు అనుమతి అడిగింది. సంఘం బహిరంగ విచారణ పెట్టింది. సంఘాధ్యక్షుడు ఆంబ్లర్ పెగ్రమ్. ఏటా ఉత్సవంలో అధ్యక్షుడి వేషం ఆయనదే. విగ్గు సొంతం.

"మిత్రులారా," అన్నాడు పెగ్రమ్, "ఆ కప్పులోంచి రాలే ప్రతి చుక్కలోనూ మన గణతంత్రం ఉంది. మిస్ ఒజెల్లా పూడ్చమంటున్నది చిల్లుల్ని కాదు. మన పూర్వీకుల్ని."

"మీ పూర్వీకులు నా దుప్పటి మీద పడుతున్నారు, మిస్టర్ పెగ్రమ్. పొద్దున్నే లేచి పిండుకుంటున్నా."

"అది చారిత్రక తేమ, అమ్మా. తుడవకూడదు."

"సరే, ఉన్నదున్నట్టే ఉంచుదాం. అధ్యక్షుడు ఆ రాత్రి తడవలేదు. ఎందుకు తడవలేదో ఇక్కడున్న అందరికీ తెలుసు. మా ముత్తవ్వకి అమ్మమ్మ, డోర్కస్, తెల్లారేదాకా ఆయన మొహం మీద బకెట్టు పట్టుకుని నిలబడింది. పూటకూళ్లవాడు ఇద్దర్నీ ఒకే సంతలో కొన్నాడు, ఆమెనీ బకెట్టునీ. బకెట్టుకి అద్దాల పెట్టె చేయించారు. ఆమె పేరు ఎక్కడ పెట్టారు?"

అందరికీ తెలుసన్న మాట నిజం. అద్దాల పెట్టె కింది ఫలకం మీద కూడా ఉంది: 'ఈ బకెట్టు రాత్రంతా అధ్యక్షులవారిని కాపాడింది.' బకెట్టు గాల్లో ఎలా నిలిచిందన్న విషయం మీద సంఘం ఒక ప్రొఫెసర్ చేత అధ్యయనం చేయించింది. పైన కొక్కెం ఉండి ఉండవచ్చని ఆయన తేల్చాడు. వెంటనే కొక్కెం కొట్టించి, ఫలకం మీద ఆ మాట కూడా చేర్చారు.

"పేరన్నా వేయండి, కప్పన్నా వేసుకోనివ్వండి," అని ఒజెల్లా కూర్చుంది.

సంఘం లోపలికి వెళ్లి, హామ్ బిస్కెట్లు తిని, ఏకగ్రీవ నిర్ణయంతో బయటికి వచ్చింది. పెగ్రమ్ దాన్ని చదివాడు.

"ఆలస్యంగానైనా చరిత్ర తన తప్పు దిద్దుకుంటోంది. ఈ ఏటి ఉత్సవంలో బకెట్టు పట్టుకునే గౌరవాన్ని డోర్కస్ వారసురాలు మిస్ ఒజెల్లాకు సమర్పిస్తున్నాం."

సభ లేచి నిలబడింది. కొందరు కళ్లు తుడుచుకున్నారు. ప్రతిఫలం మాట ఎవరో ఎత్తారు. అసలు సంఘటనలో ప్రతిఫలం లేదు గనుక వాస్తవికత కోసం దాన్ని వదిలేశారు.

"పట్టుకుంటాలెండి," అంది ఒజెల్లా.

డెల్మార్ ఆమె చెవి దగ్గర వంగాడు. "అత్తా, మతిగానీ పోయిందా?"

"ఈ కీళ్లు చూడరా. ఎంతసేపు పట్టుకోగలననుకుంటున్నావ్?"

ఉత్సవం నాడు నిజం వానే పడింది. అగ్నిమాపక దళం ఊరికే నిలబడి వేరుశనగ సూపు తాగింది. మేడ మీది గది జనంతో నిండిపోయింది. పెగ్రమ్ విగ్గు పెట్టుకుని మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. ఆ వేషం వేసినవాడు రెండు మాటలు తప్ప మూడో మాట పలకరాదని నిబంధన ఉంది. రాసింది పెగ్రమే.

ఒజెల్లా కాసేపు బకెట్టు పట్టుకుంది. తర్వాత దాన్ని నేల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

మొదటి చుక్క ఆయన కనుబొమ మీద పడింది. "కప్పు కురుస్తోంది," అన్నాడు. చప్పట్లు మోగాయి. రెండోది నోట్లో పడింది. "కప్పు కురుస్తోంది," అని పళ్లు కొరికాడు. చప్పట్లు పెరిగాయి. విగ్గు జారి చెవి మీదికి వచ్చేసరికి ఆయన అదే ప్రసంగాన్ని అరుస్తున్నాడు. ఇంత సహజమైన నటన ఇదివరకు చూడలేదని పెద్దలు అన్నారు.

ఆయన రుమాలు తీశాడు.

"తుడవకండి, మిస్టర్ పెగ్రమ్," అంది ఒజెల్లా. "చారిత్రకం."

పెగ్రమ్‌కు జ్వరం వచ్చింది. తగ్గగానే సంఘం అత్యవసరంగా సమావేశమై కప్పు మరమ్మతుకు అనుమతి ఇచ్చింది. అధ్యక్షులవారి మంచం పైన మాత్రమే, మంచం వెడల్పున. దూలం సంగతి వచ్చే ఏడు పరిశీలిస్తారు. డోర్కస్ పేరుకు ఫలకం మీద చోటు లేదు. కొక్కెం గురించిన వాక్యం తీసేస్తే చోటు వస్తుంది గానీ, ప్రొఫెసర్ నొచ్చుకుంటాడు.

డెల్మార్ మంచం వెడల్పున రేకు కొట్టి వెళ్లాడు. ఆ రాత్రి నుంచి ఒజెల్లా మేడ మీద, అధ్యక్షులవారి మంచం మీద పడుకుంటోంది. ఇంట్లో పొడిగా ఉన్న చోటు అదొక్కటే. సంఘం దీన్ని వచ్చే ఉత్సవానికి సాధనగా గుర్తించి హర్షం వెలిబుచ్చింది.

ఉత్సవం ఫొటో మా పత్రిక మొదటి పేజీలో వేశాం. ఆమె బకెట్టు పట్టుకుని ఉన్నప్పుడు తీసింది. మంచం, విగ్గు, బకెట్టు చక్కగా వచ్చాయి. చోటు చాలక ఒక పక్క కత్తిరించాం, బకెట్టు పట్టుకున్న చేతుల దగ్గర. పాఠకుల నుంచి ఒకే ఒక్క ఫిర్యాదు వచ్చింది.

బకెట్టు అంచు కాస్త తెగిందని.