ఏడు ఇస్పేట్లు, మూడోసారి!

ఆ ఆదివారం ఉదయం మూడోసారి గారి పథకం చాలా చిన్నది. రెండో కాఫీ తాగడం, గోడ గడియారాన్ని విప్పడం, మళ్లీ బిగించలేక భార్య చేత నాలుగు చివాట్లు తినడం, ఆ పైన భోజనం చేసి పడుకోవడం.

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆయన కూడా వెంటనే పలకరు. వేలంపాటలు నడపడం ఆయన వృత్తి. మూతపడిన దుకాణాల బీరువాలు, ఇల్లు మారేవాళ్ల మంచాలు, ఏదైనా సరే, కొయ్య సుత్తి పట్టుకుని "ఒకటోసారి... రెండోసారి..." అని ఆగి, జనం మొహాలు కలయజూసి, "మూడోసారి!" అని బల్ల అదిరేలా కొట్టేవారు. ఆ కేకకు వీధి చివర కుక్కలు లేచి నిలబడేవి. మైకు పెట్టుకోమని ఎవరైనా సలహా ఇస్తే ఆయనకు ఒళ్లు మండేది. గొంతు లేనివాళ్ల కోసం కదా మైకు పుట్టింది!

గడియారం రెండో మర ఊడదీస్తుండగా ఫోను మోగింది. అవతల వియ్యంకుడు. ఆయన పళ్ల డాక్టరు. ఎదుటివాడి నోట్లో పనిముట్లు పెట్టి, వాడు పలకలేని స్థితిలో ఉండగా ప్రశ్నలడిగి, జవాబులు కూడా తానే చెప్పుకుంటూ జీవితం గడిపిన మనిషి. అందువల్ల తన మాటకు ఎదురుమాట ఉంటుందన్న సంగతే ఆయన మరిచిపోయారు.

"బావగారూ, పదకొండింటికల్లా మేమిద్దరం వస్తున్నాం. పేక నేనే తెస్తాను. మీకు బ్రిడ్జి బ్రహ్మాండంగా వచ్చన్నారుగా, ఇవాళ తేల్చేసుకుందాం."

మూడోసారి గారికి అప్పుడు గుర్తొచ్చింది. పోయిన నెల అల్లుడి ఇంట్లో వియ్యంకుడు గంటసేపు బ్రిడ్జి గొప్పలు దంచుతుంటే విని విని, "అందులో ఉన్నదంతా వేలంపాటే కదండీ! పాటలో నన్ను మించినవాడు ఇంకా పుట్టలేదు" అనేశారు. నోరు జారడం ఆయనకు కొత్త కాదు. జారిన మాట ఫోను చేసి మరీ ఇంటికి రావడం కొత్త.

"తేల్చుకోవడమంటే ఏమిటండీ?"

"మనవరాలి సెలవుల సంగతి. మీరూ రమ్మంటున్నారు, మేమూ రమ్మంటున్నాం. మీలో మీరే తేల్చుకోండని పిల్లలు చేతులెత్తేశారు. భోజనాల వేళకి ఎవరి లెక్క ఎక్కువుంటే పిల్ల వాళ్లింటికి. ఆట రాదంటే చెప్పెయ్యండి, ఫర్వాలేదు. నేనెవరికీ చెప్పను."

ఆ ఆఖరి మాటే కొంప ముంచింది. "రండి బావగారూ, రండి! చూసుకుందాం!" అని మూడోసారి గారు కేకేశారు. ఫోను లేకపోయినా వినబడి ఉండేది.

తీరా ఫోను పెట్టేశాక, ఏం పందెం ఒప్పుకున్నారో తట్టింది. పోయినేడు సెలవులంతా పిల్ల డాక్టరు గారింట్లోనే ఉంది. మిఠాయి చూస్తే బెదిరి, రోజుకు మూడుసార్లు పళ్లు తోముకునేలా తయారై తిరిగొచ్చింది. ఈసారి తమ దగ్గరికే వస్తుందని ఆయన ముందుగదిలో ఒక వైపు ఖాళీ చేసి పెట్టారు. ఇన్నేళ్ల వృత్తిలో ఏ పాటలోనూ తన కోసం పూచికపుల్ల కొనని మనిషి, ఒక బడి సామాను వేలంలో చిన్న రాతబల్లను మాత్రం మొదటిసారి తానే డబ్బు కట్టి తెచ్చుకున్నారు. దానికి రంగు కూడా వేసి కిటికీ దగ్గర పెట్టారు. పిల్ల రాకపోతే ఆ బల్లను రోజూ చూడటం తన వల్ల కాదని ఆయనకు తెలుసు.

వంటింట్లోంచి భార్య వచ్చింది. "ఏమిటా అరుపులు?"

"మనం బ్రిడ్జి ఆడుతున్నాం. పదకొండింటికి."

"మీకొచ్చా?"

"రాదు."

"నాకూ రాదు."

"చూశావా, జోడీ ఎంత బాగా కుదిరిందో!"

ఆవిడ తల పట్టుకుంది. కాస్సేపటికి తల వదిలేసి, వేలంలో ఎవరూ కొనని పాత పుస్తకాల పెట్టెను మంచం కిందనుంచి లాగింది. ఆ పెట్టెలో ఏముందో ఆయనకంటే ఆవిడకే బాగా తెలుసు. ఎందుకంటే దుమ్ము దులిపేది ఆవిడ. అడుగున బ్రిడ్జి నేర్పే పుస్తకం దొరికింది.

మూడోసారి గారు నేరుగా పాటల అధ్యాయం తెరిచి గట్టిగా చదివారు. నలుగురు ఆటగాళ్లు, తలా పదమూడు ముక్కలు. తలా ఒక ముక్క వేస్తే, పెద్ద ముక్క వేసినవాళ్లకి ఒక పట్టు. ఎదురెదురుగా కూర్చున్నవాళ్లు జోడీ. ఎన్ని పట్లు పడతారో, ఏ రంగు తురుపో పాడాలి. ఆరు పట్లు ఎలాగూ లెక్కలోకి రావు, 'ఒకటి' అంటే ఏడు పట్లు, 'ఏడు' అంటే మొత్తం పదమూడూ. రంగుల్లో అట్టడుగున కళావరు, ఆపైన డైమను, ఆఠీను, అన్నిటికంటే పైన ఇస్పేటు. వరసగా ముగ్గురు పాస్ అంటే పాట ముగిసినట్టే.

"ముగ్గురు! విన్నావా? ఒకటోసారి, రెండోసారి, మూడోసారి! ఇది మన ఆటేనే! ఎవడో నన్ను చూసి రాశాడు!" అని ఆయన లేచి నిలబడ్డారు. ఇక చదవాల్సింది ఏమీ లేదని పుస్తకం భార్య చేతిలో పెట్టి, గొంతు బాగుండాలని గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించడానికి వెళ్లారు.

ఆవిడ పొయ్యి మీద ఒక కన్ను, పుస్తకం మీద ఒక కన్ను వేసి చదివింది. ఒకచోట చదువుతూ ఆగిపోయింది. మళ్లీ చదివింది. పాట గెలిచిన జోడీలో, ఆ రంగును ముందుగా పలికినవాళ్లే ఆడతారు. వాళ్ల జోడీ తన ముక్కల్ని బల్ల మీద పరిచేసి డమ్మీగా కూర్చోవాలి. డమ్మీ సలహా చెప్పకూడదు, దగ్గకూడదు, మొహం చిట్లించకూడదు.

"ఏవండీ," అంది ఆవిడ, "ఇంత మంచి ఆటని ఇన్నేళ్లూ మనింటికి ఎందుకు తీసుకురాలేదండీ?"

లెక్కల అధ్యాయం తెరిచేలోపే గుమ్మంలో గంట మోగింది. పదకొండింటికని చెప్పిన డాక్టరు గారు పదింటికే దిగారు. వెనకాల వియ్యపురాలు, చేతిలో లెక్క రాసే కాగితం, పెన్సిలు. ఆవిడ ఎక్కువ మాట్లాడదు. మాట్లాడే అవకాశం ఎప్పుడూ రాలేదు.

ముందుగదిలో గుండ్రటి టేకు బల్ల చుట్టూ నలుగురూ కూర్చున్నారు. ఆ బల్ల మీద పక్కింటి దర్జీకి చాలాకాలంగా కన్ను. గుడ్డ కత్తిరించుకోవడానికి భేషుగ్గా ఉంటుందని, "ఎప్పుడైనా అమ్మితే నాకే చెప్పాలి సుమండీ" అని వారానికోసారి గుర్తు చేస్తుంటాడు.

మొదటి పంపకంలో మూడోసారి గారు తన అనుభవమంతా చూపించారు. ఏ పాటైనా చిన్న ధరతో మొదలుపెట్టాలి, జనమే పెంచుతారు. చేతిలో రెండే రెండు కళావర్లు పెట్టుకుని "ఒక కళావరు!" అని గంభీరంగా పలికి చుట్టూ చూశారు. డాక్టరు గారు పాస్ అన్నారు. భార్య పాస్ అంది. వియ్యపురాలూ పాస్ అంది.

"అదేమిటి, ఎవరూ పెంచరా?"

"పాడినవాళ్లే ఆడి చూపించాలి బావగారూ," అన్నారు డాక్టరు గారు తియ్యగా. "ఇక్కడ సరుకు కొనేదీ మీరే, మొయ్యాల్సిందీ మీరే."

మొయ్యలేకపోయారు. కావలసిన ఏడు పట్లలో మూడే వచ్చాయి. వియ్యపురాలు కాగితం మీద ఏదో రాసింది. ఎందుకు రాసిందో ఆయనకు అర్థం కాలేదు, అడిగితే పరువు పోతుందని అడగలేదు.

ఆ తర్వాత భార్య ఆయనకు అవకాశం ఇవ్వలేదు. చేతిలో కాస్త బలం కనబడితే చాలు, ముందుగా తానే రంగు పలికేది. ఆయన ముక్కలు పరిచి డమ్మీ అయిపోయేవారు. గొంతు సవరించుకుంటే, "బావగారూ, సైగలు కూడదు!" అనేవారు డాక్టరు గారు. కిటికీవైపు చూస్తే, "చూపులు కూడదు!" ఆవిడ తాపీగా ఆడుకుంటూ ఒక గేము గెలిచింది. మూడోసారి గారి ఛాతీ ఉప్పొంగింది. 'మా ఆవిడ! పొద్దున్నే నేర్చుకుంది!' అని నాలుగు దిక్కులూ మోగేలా చెప్పాలనిపించింది. చెప్పకూడదు. డమ్మీ.

డాక్టరు గారు మాత్రం తక్కువ తిన్నారా? వాళ్లూ ఒక గేము గెలిచారు. పైపైన ఏవేవో కలిసి, భోజనాల వేళకి వాళ్లు పన్నెండు వందల పాయింట్లు ముందున్నారు.

"ఇదే ఆఖరి పంపకం," అని డాక్టరు గారు ముక్కలు పంచి, తన చెయ్యి చూసుకుని, మీసం కింద నవ్వారు. "నాలుగు ఇస్పేట్లు."

భార్య పాస్. వియ్యపురాలు పాస్. మూడోసారి గారు తన ముక్కలు చూసుకున్నారు. ఏడు ఆఠీన్లు, అందులో రాజూ రాణీ. ఆపైన పక్కనున్న వియ్యంకుడి మొహం చూశారు. ఆ మొహం ఆయనకు బాగా తెలుసు. పాత బీరువా ముందు నిలబడి, పక్కవాడికి దక్కనివ్వనని పళ్లు కొరికే కొనుగోలుదారు మొహం అది. కిటికీ దగ్గరున్న చిన్న రాతబల్ల కూడా కళ్లబడింది. పొద్దుట్నుంచి బిగబట్టిన గొంతు ఇక ఆగలేదు.

"అయిదు ఆఠీన్లు!"

కిటికీ అద్దాలు అదిరాయి.

"అయిదు ఇస్పేట్లు!" అన్నారు డాక్టరు గారు.

"ఆరు ఆఠీన్లు!"

"ఆరు ఇస్పేట్లు! మీరేనా పాడేది?"

మధ్యలో ఆడవాళ్లిద్దరూ పాస్, పాస్ అంటున్నారు గానీ ఎవరికీ వినబడటం లేదు. ఆ కేకలకు దర్జీ కుట్టుమిషను ఆగింది. వేలం! అదీ ఇంట్లోనే! గుండ్రటి బల్ల చుట్టూ! తనకు చెప్పకుండా! మెడలో కొలత టేపుతోనే పరుగెత్తుకొచ్చి కిటికీ ఊచలు పట్టుకున్నాడు.

"ఏడు ఆఠీన్లు!" అని మూడోసారి గారు బల్ల గుద్దారు.

"ఏడు ఇస్పేట్లు!" అని డాక్టరు గారు లేచి నిలబడ్డారు.

"ఎనిమిది!" అంది కిటికీ.

నలుగురూ అటు తిరిగారు. "ఎనిమిది వేలు! ఆ బల్ల నాది!" అన్నాడు దర్జీ రొప్పుతూ. "ఇరుగుపొరుగు అనుకున్నాను గానీ ఇంత అన్యాయం తలపెడతారనుకోలేదండీ!"

"బ్రిడ్జిలో ఎనిమిది లేదయ్యా!" అని డాక్టరు గారు గర్జించారు. జీవితంలో మొదటిసారి ఆయనకు బయటివాడు అడ్డొచ్చాడు. ఆ ఉడుకులో ఉండగానే, మూడోసారి గారి భార్య నెమ్మదిగా, "డబుల్," అంది.

"డబులా! నా మీదా!" డాక్టరు గారి ముక్కుపుటాలు అదిరాయి. తన వంతు ఎప్పుడొస్తుందా అని చూసి, "రీడబుల్!" అన్నారు.

భార్య పాస్. వియ్యపురాలు పాస్. ఇక పలకవలసింది మూడోసారి గారు. పాస్ అనాలని ఆయనకు తెలుసు. అలవాటు ఊరుకుంటుందా? చెయ్యి దానంతటదే లేచింది.

"మూడోసారి!" అని బల్ల మీద కొట్టారు.

"అన్యాయం! ఏడుకే కొట్టేశారు!" అని దర్జీ ఘొల్లుమన్నాడు.

ఆట మొదలైంది. మూడోసారి గారు ఏమీ చూడలేదు. పాట పోయింది. సరుకు అవతలివాడికి దక్కింది. ఆయన లోకంలో దాన్ని ఓటమి అంటారు. భార్య ముందుగా కళావరు ఆసు వేసింది. తర్వాత డైమను ఆసు. తర్వాత ఆఠీను ఆసు. మూడు పట్లూ ఆవిడవే. మిగిలిన పదీ డాక్టరు గారివి. 'పదికి మూడు' అనుకుని మూడోసారి గారు లేచి రాతబల్ల దగ్గరికి వెళ్లారు. దాని మీద చెయ్యి పెట్టి, "సరే బావగారూ. పిల్లని జాగ్రత్తగా చూసుకోండి. ఒక్క మిఠాయి అయినా పెట్టండి, పాపం," అన్నారు. ఆ గొంతు అంత చిన్నగా ఉండగలదని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

వియ్యపురాలు పెన్సిలు కింద పెట్టి, పొద్దుట్నుంచి మొదటిసారిగా పూర్తి వాక్యం మాట్లాడింది.

"అన్నయ్యగారూ, ఇలా రండి. మీరే గెలిచారు."

"నేనా?"

"ఈయన పదమూడు పట్లు పడతానని పాడారు. మూడు తగ్గాయి. మేం ముందే ఒక గేము గెలిచి ఉన్నాం కాబట్టి జరిమానా ఎక్కువ. మామూలుగా మూడొందలు, డబుల్ అంటే ఎనిమిది వందలు. మావారు రీడబుల్ అన్నారు." ఆవిడ భర్త వైపు చూసింది. ఆ చూపులో ఏళ్ల తరబడి డమ్మీగా కూర్చున్న ఓర్పంతా ఉంది. "పదహారు వందలు. అన్నీ మీకే. మేం ముందున్నది పన్నెండు వందలే. నాలుగు దగ్గర ఆగుంటే సరిగ్గా చేసేవారు."

మూడోసారి గారు భార్య వైపు తిరిగారు. "డబుల్ అంటే ఏమవుతుందో నీకు తెలుసా?"

"తెలీదు. అక్కడిదాకా చదవలేదు. ఎదుటివాళ్లు చెయ్యలేరనిపిస్తే డబుల్ అనమని ఉంది. నా చేతిలో మూడు ఆసులున్నాయి. మీ ఇద్దరిలో ఎవరికీ ఆ అనుమానమే రాలేదు మరి."

ఆ సాయంత్రానికి వీధి వీధంతా కథ తెలిసింది. మూడోసారి గారే చెప్పారు, మైకు లేకుండా. "బావగారి మొహం చూశాను, వదలడని తెలిసింది, ఒక్కో మెట్టూ ఎక్కించాను! తుది దెబ్బ మా ఆవిడది. పొద్దున్నే నేర్చుకుని మధ్యాహ్నానికి పళ్ల డాక్టరుకే పన్ను పీకింది!" అని చెప్పినప్పుడల్లా ఆయన కళ్లు మెరిసేవి. నిజానికి ఎక్కించడమన్నది తర్వాత తోచిన ముక్క. ఆవిడ విని ఊరుకుంది. దర్జీ మాత్రం నెల్లాళ్లు మాట్లాడలేదు.

సెలవులకు మనవరాలు వచ్చింది. రాతబల్ల మీద పుస్తకాలు పెట్టుకుని, మిఠాయి డబ్బా మూత తీసి, జరిగిందంతా విని, "నాకూ నేర్పండి!" అంది. నేర్పడానికి నలుగురు కావాలి. పిల్లే ఫోను చేసి డాక్టరు తాతయ్యని, నాయనమ్మని రప్పించింది. వాళ్లు పెట్టెలతో దిగి, సెలవులయ్యేదాకా కదల్లేదు. పిల్ల అమ్మమ్మతో జోడీ కట్టి రెండో వారానికల్లా డాక్టరు గారిని ఓడించడం మొదలుపెట్టింది. మూడోసారి గారు వెనక నిలబడి, గర్వంతో పేలిపోతూ, దగ్గకుండా, సైగ చెయ్యకుండా చూసేవారు.

ఆటకు నలుగురే కావాలి కాబట్టి ఐదోవారు కాఫీలు పెట్టాలన్నారు. ఆ పనికి వేలం వేస్తే ఒకటోసారి, రెండోసారి, మూడోసారీ పాడినవారు మూడోసారి గారొక్కరే.